జాబితాలో లేని గెలాక్సీ

మా నాన్న పెద్దకర్మ ఇంకా కాలేదు, అప్పటికే వరండా చివరి గదివాళ్ళు వచ్చి మా గది గోడ కొలిచి వెళ్ళారు. ఇనప టేపు సర్రుమని లాగి, తలుపు దగ్గర్నుంచి కిటికీ దాకా ఒకసారి, అడ్డంగా ఇంకోసారి. నేను మంచం మీద లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నాను. నన్ను చూసి "ఊరికే, ఊరికే" అన్నారు. ఊరికే గోడలు కొలిచేవాళ్ళను నేను అంతవరకూ చూడలేదు. అయినా వాళ్ళ మీద కోపం పెట్టుకోలేకపోయాను. వాళ్ళ గదిలో ఏడుగురు ఉన్నారు. మా గదిలో ఇద్దరం మిగిలాం.

మాది హౌరాకి నది ఇవతల, ఏక్‌బాల్‌పూర్ పక్కన, వీధులు ఊడ్చేవాళ్ళ క్వార్టర్స్. మా తాత శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఇక్కడి ఓడరేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. నాన్న వీధులు ఊడ్చే ఉద్యోగం సంపాదించాడు. ఉద్యోగంతో పాటు గది వచ్చింది. ఒక గది, ఒక కిటికీ, వరండాలో పొయ్యి, కింద అందరికీ కలిపి ఒక కుళాయి. దీనికి రూలు చాలా సులువు. ఇంట్లో ఒకరు చీపురు పట్టినంతకాలం గది మనది. ఆ మనిషి పోతే ఆరు నెలల్లోగా అదే ఇంట్లో ఇంకొకరు చీపురు పట్టాలి. పట్టకపోతే గది ఖాళీ చెయ్యాలి.

ఆ ఇంకొకరు ఎవరన్న విషయంలో మా గదుల లైన్లో ఎవరికీ సందేహం లేదు. నాకు ఇరవై ఆరేళ్ళు. ఒక్కతే కూతుర్ని. రెండు చేతులూ బాగానే ఉన్నాయి.

పక్కగదిలో ఒకావిడ ఉంది. చుట్టం కాదు గానీ పుట్టినప్పటి నుంచీ పిన్నీ అనే పిలుస్తాను. నాన్న పోయిన దగ్గర్నుంచి రోజూ వచ్చి గుమ్మంలో కూర్చునేది.

"ఓలె గుంటా, ఇందులో ఆలోసించడానికేటుంది? మీయమ్మ పట్టుకుంటే అరవై నిండేదాకా పద్నాలుగేళ్ళు. నువ్వు పట్టుకుంటే ముప్పై నాలుగేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు గది మీదే కదేటి."

"నాను సదువుకుంటన్నాను కదా పిన్నీ."

"సదువుకో, ఎవులొద్దన్నారు? పొద్దున్న ఆరింటికి హాజిరీ. పన్నెండుకి ఇంటికొచ్చెస్తావు. మద్దినేళ సదువుకో."

ఆవిడ చెప్పిందాంట్లో ఒక్క తప్పు లేదు. అందుకే నాకు ఒళ్ళు మండిపోయేది. తప్పుంటే పోట్లాడేదాన్ని.

నేను చదివేది గెలాక్సీల గురించి. ఈ మాట చెప్పగానే అందరూ తలెత్తి పైకి చూస్తారు. నేను పైకి చూసి చాలా కాలమైంది. మా ఆకాశంలో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు కూడా. ఎక్కడో ఎడారి కొండ మీది టెలిస్కోపు చూసి పంపిన అంకెల్ని, సాల్ట్ లేక్‌లో ఒక ఏసీ గదిలో కూర్చుని, పట్టపగలు, లంచ్ డబ్బా పక్కన పెట్టుకుని చూస్తాను. రెండు బస్సులు మారి వెళ్తాను. ఊడ్పు పనివాళ్ళ క్వార్టర్స్ నుంచి వస్తున్నానని అక్కడ ఎవరికీ చెప్పలేదు. అడిగితే ఖిదిర్‌పూర్ వైపు అంటాను. అబద్ధం కాదు, ఆ వైపే.

నాన్న బతికున్నప్పుడు ఒక సాయంత్రం అమ్మ అడిగింది, ఇంతకీ నువ్వు చేసే పనేమిటని. చెప్పాను. గెలాక్సీ అంటే కోట్లాది నక్షత్రాలున్న పెద్ద ముద్ద. ఇలాంటివి వందలు, ఒక్కోచోట వేలు, గుంపుగా ఉంటాయి. ఆ గుంపు లోపల అవి ఎలా కదులుతాయన్నదే నా పని. సూర్యుడి చుట్టూ భూమిలాగ బుద్ధిగా గుండ్రంగా తిరగవు. ఏ ఒక్కటీ ఇంకోదాని దారిన పోదు. సెకనుకు వెయ్యి కిలోమీటర్ల చొప్పున ఒకటి ఇటు, ఒకటి అటు దూసుకుపోతుంటాయి. గుంపు మధ్యలోంచి దూరి అవతలి వైపుకి తేలతాయి. చాలా దూరం పోతాయి. పోతూ పోతూ నెమ్మదిస్తాయి, ఒకచోట ఆగుతాయి, మళ్ళీ వెనక్కి పడతాయి. ఎంత పరిగెత్తినా గుంపు దాటవు.

"కాలవ మీద దోమల్లాగ" అంది అమ్మ.

మా లైను వెనక మురిక్కాలవ ఉంది. సాయంత్రమైతే దాని మీద దోమలు గుంపుకడతాయి. ఒక్కో దోమ ఒక్కో దిక్కుకి పోతుంది, గుంపు మాత్రం కాలవ మీంచి కదలదు. నేను నాలుగేళ్ళలో ఎన్నోసార్లు ఎంతమందికో చెప్పాను గానీ ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

నాన్న మంచం మీద పడుకుని వింటున్నాడు. "దోమల్ని కాలవ పట్టుకున్నాది. మరి ఆటినేటి పట్టుకున్నాది?" అన్నాడు.

మంచి ప్రశ్న. కంటికి కనిపించేదంతా, నక్షత్రాలూ వాటి మధ్య వాయువూ అంతా కలిపి తూచినా, ఆ వేగంతో పోయేవాటిని పట్టి ఉంచడానికి చాలదు. ఎప్పుడో చెల్లాచెదురైపోవాలి. కాలేదు కాబట్టి కనిపించని బరువు ఏదో అక్కడ ఉంది. దాన్ని కృష్ణ పదార్థం అంటాం, ఏమిటో మాకూ తెలియదు, అని చెప్పాను.

"కంటికి కనపడదు, ఒదలదు" అన్నాడు నాన్న. "అయితే మన క్వార్టర్సే."

ముగ్గురం నవ్వాం. నాన్నకి దగ్గు వచ్చింది. అప్పటికే దగ్గు ఎక్కువగా ఉండేది. ఆఖరి రెండు నెలలూ ఆయన బదులు అమ్మే వెళ్ళి ఊడ్చింది. మాలో ఇది మామూలే, బద్లీ అంటారు. మనిషి మంచాన పడితే ఇంట్లోవాళ్ళు ఒకరు వెళ్ళి ఆ పేరుకే పలుకుతారు. హాజరు తీసుకునే సర్దారుకి తెలుసు, తెలియనట్టు ఉంటాడు. కానీ ఇంట్లోవాళ్ళే అయ్యుండాలి. పక్కింటివాళ్ళు నిలబడితే ఒప్పుకోడు.

నాన్న పోవడానికి పది రోజుల ముందు నాకొక ఉత్తరం వచ్చింది. పుణేలో రెండేళ్ళ ఉద్యోగం. ఇదే పని, ఇంకా పెద్ద గుంపులు, ఉండడానికి గది వాళ్ళే ఇస్తారు. నాన్నకి నయమయ్యాక చెబుదామని ఆగాను. తర్వాత చెప్పే సందర్భం రాలేదు. రోజుకు రెండుసార్లు ఆ ఉత్తరం తెరిచి చదివేదాన్ని, పిన్ని గుమ్మంలో కూర్చుని ముప్పై నాలుగేళ్ళ లెక్క చెబుతుండగా. నాన్న పోయారు, కొంచెం గడువు కావాలని వాళ్ళకి రాశాను. ఇచ్చారు. ఫలానా నెల ఒకటో తారీకుకి చేరాలి, ఆపైన మళ్ళీ పొడిగించడం కుదరదు అని మర్యాదగా రాశారు.

నాకు అసలు కోపం అమ్మ మీద. పిన్ని అంతలా మాట్లాడుతుంటే అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చునేది. ఔననేది కాదు, కాదనేది కాదు. "దాన్నొదిలెయ్యండి" అని ఒక్కసారి అంటే అమ్మ సొమ్మేం పోయింది? రాత్రింబవళ్ళు పది అడుగుల గదిలో ఒకరి ఊపిరి ఒకరికి తగులుతూ ఉండేవాళ్ళం, ఈ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. చివరికి ఒకరోజు నాకే విసుగొచ్చింది. "సరే, నానే సంతకం పెడతాను. ఇక అందరూ నోరు ముయ్యండి" అన్నాను.

అమ్మ చేటలోంచి తలెత్తలేదు. "రేపెల్దాం" అంది. అంతే. ఆ క్షణంలో ఆమెను క్షమించకూడదని గట్టిగా అనుకున్నాను.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మా లైన్లో బిడ్డ పుడితే ముందు జరిగేది బారసాల కాదు. మూడో రోజుకో నాలుగో రోజుకో తండ్రి మిఠాయి పొట్లం పట్టుకుని వార్డు ఆఫీసుకి పోతాడు. అక్కడి హెడ్ గుమస్తాను బొడోబాబు అంటారు. ఆయన తండ్రి సర్వీసు బుక్కు తీసి, కుటుంబం పేజీలో బిడ్డ పేరు రాస్తాడు. పేరు ఇంకా అనుకోకపోతే అక్కడే అనుకుంటారు. మా లైన్లో సగం పేర్లు ఆ టేబుల్ దగ్గర తోచినవే. ఆ పుస్తకంలో పేరెక్కితే చాలు, తండ్రి తర్వాత చీపురు ఆ బిడ్డదే. జనన ధ్రువపత్రం లేని పిల్లలు మాలో బోలెడు మంది. సర్వీసు బుక్కులో లేని పిల్లలు లేరు.

మర్నాడు అమ్మా నేనూ వెళ్ళాం. బొడోబాబు ముసలాయన, నాన్నను ఎరుగును. అయ్యో అన్నాడు, కుర్చీ చూపించాడు, నాన్న పుస్తకం తెప్పించాడు. అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది. పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నామ్ తో నేయీ, మా" అన్నాడు. పేరు లేదమ్మా.

పుస్తకాన్ని నా వైపు తిప్పాడు. భార్య అన్నచోట అమ్మ పేరుంది. కింద పిల్లల కోసం గీసిన గీతలు, ఒకటి రెండు మూడు నాలుగు, ఖాళీగా ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళ పాత కాగితం మీద ఆ గీతల మధ్య ఒక్క సిరా చుక్క లేదు. మా నాన్న కాగితాల ప్రకారం నేను పుట్టలేదు.

బొడోబాబు మంచివాడు. దారి చెప్పాడు. కోర్టు నుంచి అఫిడవిట్, వారసుల సర్టిఫికెట్, ఇంకో రెండు కాగితాలు. తిరిగితే మూడు నెలలు, గడువు దాటదు, తెస్తే నేనే ఎక్కిస్తాను అన్నాడు. లేదూ, భార్య పేరు ఎలాగూ ఉంది, ఆమె పేరున ఇవాళే ఫారం పెట్టొచ్చు. ఏం చేస్తారు?

నేను చెయ్యాల్సిందల్లా "అఫిడవిట్ తెస్తాను" అనడం. బెంగాలీలో రెండు మూడు మాటలు. అమ్మ కంటే నాకు బెంగాలీ బాగా వచ్చు. ముందురోజు అంత రోషంగా సంతకం పెడతానన్నదాన్ని నేనే. నోరు తెరవలేదు. టేబుల్ మీద గాజు కింద ఎప్పటిదో పాత క్యాలెండరు ఉంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"ఆమార్ నామ్ లేఖో దాదా" అంది అమ్మ. నా పేరు రాయి.

ఫారం మీద తెలుగులో సంతకం పెట్టింది. నాన్న నేర్పిన అక్షరాలు. నాకు నేర్పినప్పుడే ఆమెకూ నేర్పాడు, పాత హాజరు చీటీల వెనకవైపు. దాచి లాభం లేదు, ఆ సంతకం పడగానే నాకు సంతోషం కలిగింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, మెట్లు దిగేటప్పుడు, అమ్మ మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే చూసినప్పుడు.

బస్టాపులో చాలాసేపు నిలబడ్డాం. బస్సు రాలేదు.

"మర్సిపోనాడనుకున్నావేటి మీ నాన్న?" అంది అమ్మ ఉన్నట్టుండి.

నేను ఆమె వైపు తిరిగాను.

"నువ్వు పుట్టిన నాలుగో దినం నానే తోలినాను. మిఠాయి కొనిచ్చి మరీ. ఎల్లినాడు. మద్దినేళ ఒచ్చినాడు, మిఠాయి మొత్తం దార్లో తనే తినీసినాడు. రాయించినావా అంటే, రాయించనే అన్నాడు. దీని పేరు ఆ బుక్కులో లేకపోతే దీన్నెవులూ పట్టుకోలేరు అన్నాడు."

"నీకు తెలుసా? మరి సెప్పలేదేం? పిన్ని అన్ని మాటలంటుంటే బియ్యం ఏరుకుంటూ కూకున్నావు!"

"సెప్తే ఏటవుద్ది? లైనంతా కలిసి కాయితాలు పుట్టించెస్తారు. ఆలు పుట్టించి సేతిలో ఎడితే నువ్వొద్దనలేవు. ఆపీసులో తెలిస్తేనే మేలు, ఆడ ఎవులూ ఉండరని ఊరుకున్నాను."

"అయితే నీ పేరే రాయాలని నీకు ముందే తెలుసు."

"మరెవుల పేరున్నాది అందులో?" అంది అమ్మ. బస్సు వచ్చింది. ఆమెకు సీటు దొరికింది, నాకు దొరకలేదు. ఆమె తలకి పైన ఉన్న రాడ్డు పట్టుకున్నాను. ఇంటిదాకా ఆమె పాపిట చూస్తూ నిలబడ్డాను. నలభై ఆరేళ్ళకి అంత తెల్లబడిందని అంతవరకూ గమనించలేదు.

రెండు నెలలకి అమ్మకి ఆర్డరు వచ్చింది. మొదటి ఆరు నెలలూ తాత్కాలికం, హాజిరీ తప్పితే పోస్టు రద్దు. నారింజ రంగు చొక్కా ఇచ్చారు, చీర మీద వేసుకునేది, మోకాళ్ళ దాకా ఉంది. నాన్న చొక్కా తగిలించే మేకుకే తగిలించింది. పుణే సంగతి అప్పుడు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "ఆడ కుళాయి గదిలోనే ఉంటాదా?" అని అడిగింది. ఉంటుందన్నాను. "మరింకేటి" అని, ఆ రోజంతా వరండాలో కనబడ్డ ప్రతివాళ్ళకీ కుళాయి సంగతి చెప్పింది.

ఒక రోజు పొద్దున్నే సాల్ట్ లేక్ బస్సులో పోతుంటే సిగ్నల్ దగ్గర అమ్మ కనిపించింది. చెత్తబండి పక్కన వంగి, కాలవ ఒడ్డున పేరుకున్న తడి ఆకుల్ని చేతులతో ఎత్తుతోంది. చీపురుకి రానివి చేతులతోనే ఎత్తాలి. నా పక్క సీట్లో మా ల్యాబు పిల్ల ఒకతె ఉంది. నేను కిటికీ వైపు నుంచి మొహం తిప్పుకుని ఆ పిల్లతో ఏదో అడిగాను. ఏం అడిగానో గుర్తులేదు. తిప్పుకోవడం గుర్తుంది.

వెళ్ళేముందు నా పని ఒకటి ముగించి ఇవ్వాలి. ఒక గుంపులో ఏ గెలాక్సీలు నిజంగా ఆ గుంపువో, ఏవి కావో జాబితా. కావు అంటే, దారిన పోయేవి, మనకూ గుంపుకూ మధ్యనో వెనకాలో ఉండి, చూపుకి మాత్రం గుంపులో ఉన్నట్టు కనబడేవి. తేల్చడం అంత తేలిక కాదు. ఒక్కోటి గుంపును ఈ చివర్నుంచి ఆ చివరికి దాటడానికి వంద కోట్ల ఏళ్ళ పైన పడుతుంది. కదలడం ఎవరూ చూడలేరు. మన దగ్గరున్నది ఒక్క ఫోటో, ప్రతిదానికీ మన వైపుకో అవతలికో ఎంత వేగంగా పోతోందన్న ఒక్క అంకె. గుంపు నడిమి నుంచి దూరం అడ్డంగా, వేగం నిలువుగా పెట్టి చుక్కలు పెడతాం. మరీ వేగంగా పోయేవాటిని గుంపు పట్టి ఉంచలేదు, కాబట్టి అవి దానివి కావు. నేను పైన ఒక గీత, కింద ఒక గీత కొట్టి, వాటికి బయట పడ్డ చుక్కల్ని తీసేశాను.

మా గైడు రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్నావిడ. కంప్యూటరు తెర మీద చూస్తే నమ్మదు, కాగితం మీద అచ్చు వేయించుకుని పెన్సిలుతో చూస్తుంది. ఒక చుక్క దగ్గర పెన్సిలు ఆగింది.

"దీన్నెందుకు తీసేశావు?"

"మరీ వేగం మేడమ్. గుంపుది కాదు."

"ఎక్కడుందో చూశావా? నట్టనడుమ. అక్కడున్నవాటికి వేగం ఎక్కువే ఉంటుంది. అంచున ఉన్నదానికీ నడుమ ఉన్నదానికీ ఒకటే గీత ఎలా కొడతావు? వేగంగా పోతోందంటే వదిలించుకుపోతోందని కాదమ్మా. బాగా లోతుకి పడిందని."

ఇంకో కాగితం తీసి చూపించింది. గుంపు నిండా వేడి వాయువు ఉంటుంది. దాని గుండా దూసుకుపోయే గెలాక్సీ దగ్గరున్న చల్లటి వాయువును అది ఊడ్చేస్తుంది. ఆ చల్లటి వాయువు పోయాక గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుట్టవు. ఈ గెలాక్సీకి వాయువు దాదాపు లేదు. దారిన పోయేదైతే ఇలా ఒట్టిపోయి ఉండే అవకాశం తక్కువ. ఇది ఈ గుంపులోనే, ఈ నడుమ నుంచే తిరుగుతోంది.

ఇదంతా నాకు తెలియనిది కాదు. నా థీసిస్ మొదటి అధ్యాయంలో నేనే రాశాను, నడుమ దగ్గర వెడల్పుగా మొదలై దూరం పోయేకొద్దీ సన్నబడే హద్దు గియ్యాలని బొమ్మ కూడా వేశాను. అయినా తిన్నగా రెండు గీతలు కొట్టేశాను. తెలియక చేసిన తప్పు కాదది. ఒక్కటన్నా బయటపడిపోతే బాగుండునని నాకు ఉంది, అందుకే కొట్టాను. దాన్ని మళ్ళీ జాబితాలో చేర్చి ఫైలు పంపించాను.

నా రైలు ముప్పయ్యో తారీకు మధ్యాహ్నం, హౌరా నుంచి. పుణేలో ఒకటిన చేరాలి. ఇరవై తొమ్మిదిన అమ్మ పనినుంచి వచ్చి పొయ్యి వెలిగించకుండా పడుకుంది. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. జ్వరం మూడు రోజుల నుంచీ ఉందట, మాత్ర మింగి వెళ్తోందట, నేను వెళ్ళేదాకా తెలియనివ్వకూడదని. ఆ మధ్యాహ్నమే రక్తం పరీక్ష చేయించాను. డెంగీ. పదిహేను రోజులు మంచం దిగకూడదన్నాడు డాక్టరు.

ముప్పయ్యో తారీకు పొద్దున్న ఐదింటికి లేచి చూసేసరికి అమ్మ మంచం మీద కూర్చుని, మేకుకున్న నారింజ చొక్కా అందుకోబోతోంది. లేచింది, నిలబడలేక గోడ పట్టుకుంది, మళ్ళీ కూలబడింది. మంచం కింద నా సూట్‌కేసు సర్ది ఉంది.

"నువ్వెల్లు" అంది. "పోస్టు పోతే పోనాది. లిలువాలో మా అన్న ఇంటికి ఎల్లిపోతాను."

లిలువాలో మా మావయ్యది రైల్వే గది. అందులో ఇప్పటికే ఆరుగురు. అమ్మ కాళ్ళు చాపుకునే చోటు కూడా ఉండదు. అది ఆమెకూ తెలుసు.

నేను చొక్కా మేకు మీంచి తీశాను.

"ఓలె, ఒద్దు" అంది అమ్మ. లేవబోయింది, లేవలేకపోయింది. "నీ పేరు మీ నాన్న రాయించలేదే. మర్సిపోకు. రాయించలేదు."

"నా పేరెవులు సెప్తారు?" అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది. ఎవరి మీదో తెలియదు. నాన్న మీదేనేమో. ఒక్క పుస్తకంలో పేరు లేకుండా చేస్తే కూతురు బయటపడిపోతుందని నమ్మి మిఠాయి మొత్తం తినేసిన మనిషి మీద. చొక్కా నాకూ మోకాళ్ళ దాకా వచ్చింది. లోపల అమ్మ చెమట వాసన, దాని కింద ఇంకా ఏదో పాత వాసన.

హాజిరీ మా లైను చివర, బళ్ళు పెట్టే రేకుల షెడ్డు ముందు. తెల్లవారింది. నలభై మంది దాకా ఉన్నారు, అందరూ నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్ళే. పిన్ని కూడా ఉంది. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. సర్దారు స్టూలు మీద కూర్చుని రిజిస్టరు తెరిచాడు. ఒక్కో పేరూ పిలుస్తున్నాడు, హాజిర్, హాజిర్ అంటున్నారు. జేబులో ఫోను ఒకసారి మోగింది. రైలు గురించి గుర్తుచేసే మెసేజి.

అమ్మ పేరు పిలిచాడు.

ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు.

"హాజిర్" అన్నాను.

కళ్ళజోడు మీంచి చూశాడు. నన్నూ, చొక్కానూ, కింద నా ఆఫీసు చెప్పుల్నీ చూశాడు. "ఆర్ కాల్?" అన్నాడు. మరి రేపు?

"రేపు కూడా నేనే" అన్నాను.

అమ్మ పేరుకెదురుగా టిక్కు పెట్టి, తర్వాతి పేరు పిలిచాడు.